బెత్తెడు దిగిన కుర్చీ

నా చిన్నప్పుడు మెదక్‌లో మా వీధివాళ్లకు సముద్రం గురించి తెలియని సంగతంటూ లేదు. దాన్ని ఒక్కరూ చూడలేదు గనక ఆ తెలివికి అడ్డం వచ్చేది ఏమీ లేదు. చూసిన మనిషి ఒకరు మా మధ్యనే ఉన్నారని తర్వాత తేలింది. అదే ఈ కథ.

నా సంగతి ముందే చెప్పుకుంటాను. నేను కోతలు కోసే మనిషిని. ఖిల్లా మీది నుంచి జారిన చిరుతపులి మా నాయన గొడుగు పట్టుకొని మెల్లగా కిందికి దిగిందని చెప్పి, గొడుగుకు పడ్డ చిరుగు సాక్ష్యంగా చూపించి నమ్మించినవాణ్ని. అరవై దగ్గరపడుతున్నా ఆ పని మానలేదు. అందుకే మొన్న టీ హోటల్లో ఒకాయన ఫోను నా ముక్కు కింద పెట్టి చూపించిన వీడియో మీద నాకు కోపం రాలేదు, రోత పుట్టింది. ఎక్కడో భూకంపం వచ్చిందట, ఇక మన తీరమంతా ముక్కలై సముద్రంలోకి జారిపోతుందట. వెనక డప్పుల మోత, ఎర్రటి అక్షరాలు, ఏ దేశానివో తెలియని అలలు. అబద్ధానికి కూడా కొంత పనితనం కావాలి. వినేవాడి మొహం చూస్తూ, ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఒక చిన్న నిజాన్ని మేకులా దిగగొట్టాలో తెలిసి ఉండాలి. అదేమీ చేతగానివాడు డప్పులు పెట్టుకుంటాడు. ఇదే అబద్ధాన్ని నేను పదకొండేళ్ల వయసులో, ఏ డప్పులూ లేకుండా, నిక్కరు జేబుల్లో చేతులు పెట్టుకొని చెప్పాను. దాంతో ఒక మనిషి బతుకు కొంచెమైతే ఆగిపోయేది.

ఆ మనిషి మా పక్కింటి అక్క. మాకు చుట్టరికం లేదు. గోడకు ఆవల వాళ్లు, ఈవల మేము. సాయంత్రాలు ఆమె చాటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతుంటే నేను ఎదురుగా కూర్చొని కథలు చెప్పేవాణ్ని. మిగతావాళ్లు నన్ను సగంలో తరిమేవాళ్లు. అక్క మాత్రం తల ఎత్తకుండా చివరిదాకా విని, ఒక్క ప్రశ్న వేసేది. "చిరుతకు గొడుగు పట్టుకోవడం ఎవరు నేర్పిన్రురా?" అని. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను మరుసటి రోజుకు ఇంకో కథ అల్లేవాణ్ని. కోతలకోరుకు అలాంటి శ్రోత దొరకడం ఎంత అదృష్టమో నాకు అప్పటికే తెలుసు.

ఆ ఏడు అక్కకు నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. ఊరు దూరం, సముద్రం ఒడ్డున. సోమవారం చేరకపోతే సీటు వేరేవాళ్లకు పోతుందని కాగితంలో రాసి ఉంది. వాళ్లింట్లో అందరికంటే ముందు ఏడ్చినవాణ్ని నేను. గోడకు ఈవల, ఎవరూ చూడకుండా. నా కథలు వినే మనిషి బస్సెక్కి పోతోంది.

సరిగ్గా ఆ వారమే ఎక్కడో దూరాన వచ్చిన భూకంపానికి మా వంటిళ్లలో గిన్నెలు గలగలలాడాయి. బడిలో సాంఘికశాస్త్రం సారును అడిగితే, పెద్ద భూకంపాలు వచ్చినప్పుడు ఒక్కోసారి ఒడ్డున ఉన్న నేల కొంచెం కిందికి దిగవచ్చని చెప్పాడు. 'ఒక్కోసారి', 'కొంచెం' అనే రెండు మాటలను నేను ఇంటికి వస్తూ సేమియా ఐసుతో పాటు నమిలి మింగేశాను. మిగిలినదాన్ని తీసుకెళ్లి అక్క వాళ్ల నాయన దుకాణంలో పెట్టాను.

ఆయనది ఎరువుల దుకాణం. ఊళ్లో పటేలు అనేవారు, నేను కాక అని పిలిచేవాణ్ని. ఇంటి ముందు భాగమే దుకాణం. యూరియా బస్తాల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నలుగురైదుగురు పెద్దమనుషులు కూర్చొని ఉండేవారు. వాళ్లకు వేరే పని లేదు. ప్రపంచాన్ని తీర్చిదిద్దడమే పని. మధ్యలో చేతుల కుర్చీలో కాక. ఆ కుర్చీలో కూర్చొని ఆయన అన్న మాటకు బస్తాల మీదివాళ్లు తలలూపేవారు, ఊపినందుకు వాళ్లకు చాయ్ వచ్చేది.

"కాకా, అక్క పోయే ఊరు సముద్రంల మునుగుతదట. భూకంపం ఇంకోటి వస్తే సముద్రం కట్ట తెగుతదట. మా సారు చెప్పిండు" అన్నాను.

ఆ కట్ట అన్న మాట నాది. దాన్ని నేను ఎంతో ఆలోచించి పెట్టాను. మా వైపు మనుషులకు నీళ్లంటే చెరువు. నీళ్లు నిలిచాయంటే ఎక్కడో కట్ట ఉండాలి. సముద్రం అన్నిటికంటే పెద్ద చెరువు గనక దాని కట్ట కూడా అంత పెద్దదే అయి ఉండాలి. ఒక్కరికీ అనుమానం రాలేదు. పైగా పింఛను తీసుకునే ఒక పెద్దాయన చుట్ట ఆర్పి, "మరి సముద్రానికి తూము ఏడ పెట్టిన్రో" అని అడిగాడు. ఇంకొకాయన, తూము కాదు, అలుగే ఉంటుందని, అలుగు పారకపోతే కట్ట నిలవదని చెప్పాడు. ఇద్దరూ సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఇప్పటికీ ఆ ఇద్దరినీ తలచుకుంటే నాకు నవ్వు రాదు. నమ్మినందుకు వాళ్ల మీద కలిగే చిన్నచూపు, నమ్మించినందుకు నా మీద కలిగే చిన్నచూపు కలిసిపోయి ఎవరిది ఎంతో తేల్చుకోలేను.

మర్నాటికి ఎరువులకు వచ్చిన కుల్చారం రైతు ఒకాయన, అక్క పోయే ఊళ్లో రెండు వీధులు అప్పటికే దిగిపోయాయని చెప్పాడు. ఆ మరుసటి రోజు శంకరంపేట నుంచి వచ్చినాయన, తన బామ్మర్ది ఒక లారీ డ్రైవరును అడిగాడని, దిగింది వీధులు కాదు, బస్టాండని అన్నాడు. నా అబద్ధం నాలుగు ఊళ్లు తిరిగి, బలిసి, మీసాలు పెంచుకొని మా వీధికే వచ్చింది. నేను దాన్ని గుర్తుపట్టలేదు. నాకూ భయం వేసింది. నిజంగానే మునుగుతుందేమో, నాకు ముందే ఎలా తెలిసిందో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

శుక్రవారం కాక అక్క సర్టిఫికెట్లను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క చాట ముందు కూర్చోలేదు. గోడ దగ్గరికి పిలిచింది. "నా కండ్లల్ల చూసి చెప్పు. మునుగుతదని సారు గట్లనే చెప్పిండా?"

"గట్లనే చెప్పిండక్కా."

ఆమె ఇంకేమీ అడగలేదు. నా కథకు ఆమె ప్రశ్న వేయకపోవడం అదే మొదటిసారి. తల తిప్పుకొని లోపలికి పోయింది.

ఈ సంగతంతా జరుగుతున్నప్పుడు ఆ ఇంటి వెనక ఒక కొత్త గది లేస్తోంది. మెదక్‌లో ఇల్లు కట్టడమంటే బండతో పేచీ. ఆ గదిలో గోడ వైపు సగం పరుపు బండ ఉంది, మిగతా సగం పల్లం. పల్లాన్ని నడుము లోతున మొరం పోసి నింపారు. మొరం పోస్తే సరిపోదు, నీళ్లు తాగించి, దిమ్మిసతో కొట్టి కొట్టి గట్టిపరచాలి. అప్పుడే పైన షాబాద్ బండలు పరచాలి. లేకపోతే ఏడాదికే నేల కుంగి బండలు పగులుతాయి. ఆ దిమ్మిస కొట్టే పనికి ఒక అవ్వ వచ్చేది. అరవై దాటిన మనిషి. అడుగున ఇనుప దిమ్మ, పైన పొడుగు కర్ర ఉన్న ఆ దిమ్మిసను తానే భుజాన వేసుకొని వచ్చేది, ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. గదికీ దుకాణానికీ మధ్య ఒక్క తలుపు. సముద్రం కట్ట గురించి, తూము గురించి నాలుగు రోజులు సాగిన చర్చంతా ఆమె దిమ్మిస చప్పుడుతో పాటే సాగింది. ఆమె వింటుందని ఎవరికీ తోచలేదు. గోడ వింటుందా అని ఎవరు ఆలోచిస్తారు?

నాతో అక్క మాట్లాడినప్పుడు కూడా ఆమె వింది. ఆ సాయంత్రం పోతూ పోతూ నన్ను ఆపింది. "ఓ పోరడా, రేపు బడి లేదు గద. పొద్దుగాల వచ్చి నాకు నీళ్లు పొయ్యి. రెక్కలు గుంజుతున్నయి."

రెక్కలు గుంజడం అబద్ధం. అవ్వ కూడా అబద్ధం ఆడగలదని, నాకంటే పొదుపుగా ఆడుతుందని మర్నాడు తెలిసింది.

అది రెండో శనివారం. పొద్దున ఆమె నేరుగా దుకాణంలోకి వెళ్లి, "పటేలా, జర వచ్చి కూసోండ్రి. యజమాని కండ్ల ముందర కొట్టిన నేల ఎన్నటికీ కుంగదంటరు" అన్నది. అటువంటి మాట ఎవరూ ఎక్కడా అనలేదు. అయినా కాకకు నచ్చింది. కుర్చీ గదిలోకి వచ్చింది. కుర్చీ వచ్చింది గనక బస్తాల మీదివాళ్లు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. అవ్వ కుర్చీని తానే సర్దింది. వెనక కాళ్లు బండ మీద, ముందు కాళ్లు కొత్తగా పోసిన మొరం మీద. కాక కూర్చున్నాడు. చాయ్ వచ్చింది.

నేను బిందెలతో నీళ్లు పోశాను. మొరం గుటగుటా తాగింది. అవ్వ కుర్చీ ముందు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, తొందర లేకుండా దిమ్మిస వేసింది. దెబ్బ దెబ్బకూ నేల అదిరేది, కాక చేతిలో చాయ్ వణికేది. ఆయన మాత్రం తల వెనక్కి తిప్పి పింఛను పెద్దాయనతో సముద్రం సంగతే మాట్లాడుతున్నాడు. అట్లా మాట్లాడుతూ మాట్లాడుతూ ముందుకు వంగాడు. వంగింది తాను కాదు, కుర్చీ అని తెలిసేసరికి చాయ్ మొత్తం ధోవతి మీద ఉంది.

"ఏందే ఇది" అన్నాడు లేచి నిలబడి.

"ఏమైంది పటేలా? మునిగిన్రా?"

"మునుగుడేంది? కుర్చీ దిగింది."

అవ్వ దిమ్మిస గోడకు ఆనించి, కుర్చీ ముందు కాళ్ల దగ్గర కూర్చొని, నేల దిగినచోట నాలుగు వేళ్లు కలిపి పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. "బెత్తెడు దిగింది. ఎనక కాళ్లు బండ మీదున్నయి, కదల్లే. ముందర కాళ్లు పోసిన మన్ను మీదున్నయి, దిగినయి. మీరైతే ఏడికీ పోలేదు. బట్టలైతే తడిసినయి." తర్వాత నా వైపు తిరిగి, గొంతు మార్చకుండా, "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నది.

అప్పుడు చెప్పాను. కట్ట నేను పెట్టిందేనని, సారు కొంచెమే అన్నాడని, మునగడం నేను కలిపానని అందరి ముందూ చెప్పాను. దెబ్బకు సిద్ధపడి చెంప కూడా కొంచెం ముందుకు పెట్టాను.

దెబ్బ పడలేదు. పింఛను పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "నువ్వు చెప్తె నమ్మినమారా మేము? కుల్చారంల గూడ అంటున్నరు."

"శంకరంపేటల మావోళ్ల బామ్మర్ది స్వయంగ అడిగిండు" అన్నాడు అలుగు పెద్దాయన.

నేను కన్న బిడ్డను ఇది నాదని ఎత్తుకోబోతే, కాదు, దీని పోలికలు వేరని నాకే చెప్పారు. ఆ క్షణం నుంచి గుంపుగా కూర్చొని తలలూపే మనుషుల మీద నాకు గౌరవం పోయింది. మళ్లీ రాలేదు. అబద్ధాన్ని చెప్పినవాడు వెనక్కి తీసుకున్నా నమ్మినవాళ్లు తిరిగి ఇవ్వరు.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "సముద్రానికి కట్ట లేదు. తూము లేదు. నేను సూసిన."

తలుపు దగ్గరివాళ్లు ఒక అడుగు లోపలికి వేశారు.

"మేస్త్రి ఎంబడి మూడేండ్లు ఒడ్డుకు పని చేసిన. గోదాములు కట్టిన్రు. నీళ్లు కిందనే ఉంటయి, మనమే మీద ఉంటం. ఒడ్డుకు ఉసికె నింపి గోడ కట్టిన్రు, పక్కకు మిషన్లు పెట్టి కొట్టంగ కొట్టంగ గా గోడ మోకాలంత దిగింది. నీళ్లొచ్చి ఆడ ఉన్న గుడిసెలల్ల నిలిచినయి. మాదొక గుడిసె. బజార్ల ఉన్నోళ్లకు ఎరుకనే కాలేదు. భూకంపం నేను సూడలే పటేలా, అబద్దమెందుకు. నేలను సూసిన. వదులు నేల కుంగుతది. గట్టి నేల ఊగి ఊకుంటది. ఊరంతకు ఊరు పడవ లెక్క మునగదు."

కాక ఖాళీ గ్లాసు కింద పెట్టి, "ఇన్నొద్దుల సంది మాట్లాడుకుంటున్నం గదనే. ఒక్కమాటన్న చెప్పకపోతివి" అన్నాడు.

"ఎవరడిగిన్రు పటేలా?"

ఆ మాటలో కోపం లేదు. దిమ్మిస కొట్టినట్టే, ఉన్న బరువుతో పడింది. తలుపు దగ్గరున్నవాళ్లలో ఒకాయనకు హఠాత్తుగా ఇంట్లో పని గుర్తొచ్చింది. ఇంకొకాయన చుట్ట వెలిగించుకున్నాడు.

కాక తడిసిన ధోవతి విదిలించుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు అడిగాడు, నాలుగు రోజులుగా అడగాల్సిన ప్రశ్న. సముద్రం సంగతి కాదు. "బిడ్డ ఎన్నడు మమ్ముల ఇడిచి ఉండలే. ఒక్కతే ఎట్లుంటదే?"

నాకు అది ఇప్పటికీ గుర్తు. ఆయన భయం మొదటి నుంచీ అదే. దాన్ని పైకి అనడం చేతగాక నా సముద్రాన్ని అడ్డం పెట్టుకున్నాడు. పదకొండేళ్లవాడి అబద్ధం చాటున యాభై ఏళ్ల మనిషి దాక్కున్నాడు.

"నేను ఇద్దరు పోరగాండ్లను సంకనేసుకొని ఉన్న. సదువుకున్న పిల్ల ఉండదా? ఒడ్డుకు రూము తీస్కోవద్దని చెప్పుండ్రి. గంతే" అని అవ్వ లేచి మళ్లీ దిమ్మిస అందుకుంది. దిగిన బెత్తెడు పల్లంలో మొరం పోయించి, నాతో నీళ్లు పోయించి, కొట్టింది. కాక మొలతాడు నుంచి తాళంచెవి విప్పుకుంటూ లోపలికి పోయాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అక్క అంతా విన్నదని బీరువా తలుపు కిర్రుమన్నాక గాని నాకు తెలియలేదు.

ఆదివారం ఆమె బస్సెక్కింది. పరుపుచుట్ట నేనే మోశాను. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బస్సు చర్చి దాటి పోయేదాకా నిలబడ్డాను. కిటికీలోంచి చెయ్యి రాలేదు.

పదిహేను రోజులకు ఇన్లాండు కవరు వచ్చింది. కాకకు కాదు, నాకు కాదు. దుకాణం అడ్రసు మీద అవ్వ పేరిట. అవ్వకు చదువు రాదు గనక నన్నే పిలిచింది. గదిలో పని అయిపోయింది, షాబాద్ బండల మీద ఇద్దరం కూర్చున్నాం. చదివాను. రూము ఒడ్డుకు దూరంగా తీసుకుందట. అన్నం బాగాలేదట. సముద్రం చూసిందట, నిజంగానే కట్ట లేదట. అంతవరకు బాగానే చదివి, ఇక ఆగలేకపోయాను. ఒక చేప హాస్టలు కిటికీ దాకా ఎగిరి వచ్చి జ్వరం చూపించుకుందని, అక్క దానికి థర్మామీటరు పెట్టిందని చదివాను.

అవ్వ కాగితం అందుకొని, రాత మీద నాలుగు వేళ్లు ఆనించింది. "రాసింది బెత్తెడు. నువ్వు సదివింది బారెడు. మల్ల సదువు."

మళ్లీ చదివాను. ఈసారి చివరి రెండు వాక్యాలు కూడా చదవాల్సి వచ్చింది. మొదటిసారి వాటిని చూసి కూడా వదిలేశాను. అక్క ఇలా రాసింది. "అవ్వా, దీన్ని చదివేది వాడే, మధ్యలో కలుపుతడు. కలిపిందాన్ని వేరే కాగితం మీద రాసి నాకు పంపమని చెప్పు."

అవ్వ ఉత్తరం మడిచి కొంగున ముడేసుకుంది. "చేపకు జరం తగ్గిందా?" అని అడిగింది.

తర్వాత పెద్దయ్యాక కొంచెం చదువుకున్నాను. కొన్ని దేశాల్లో, ఒక భూపలక మరో పలక కిందికి దూరేచోట, మహా భూకంపాలకు తీరం మనిషి ఎత్తు దిగిన సందర్భాలున్నాయట. ఉప్పునీళ్లు చేరి అడవులు నిలువునా ఎండిపోయాయట. ఒడ్డున ఉన్నవాడికి అది చిన్న సంగతి కాదు. అవ్వ గుడిసెలోకి నీళ్లు రావడానికి గోడ మోకాలంత దిగితే చాలింది. కానీ రాష్ట్రాలకు రాష్ట్రాలు జారి సముద్రంలో పడటం లేదు. వదులు నేల కుంగుతుంది, గట్టి నేల ఊగి ఊరుకుంటుంది. అంత చదివినా ఆమె చెప్పినదానికంటే నాకు ఎక్కువ అర్థం కాలేదు.

మొన్న టీ హోటల్లో ఆ ఫోను మీద నాలుగు వేళ్లు పెట్టి, ఇక్కడ సముద్రం ఒడ్డున బతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఆరుగురు ఆరు అభిప్రాయాలు చెప్పారు. ఒకాయన ఏకంగా ఏ జిల్లా ముందు మునుగుతుందో వరస చెప్పాడు. చివరికి గ్లాసులు కడుగుతున్న ఆమెను అడిగాను. "నాకు తెల్వదు సారు, నేను సూడలే" అన్నది. ఆ హోటల్లో ఆ మాట అన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు నమస్కారం పెట్టి, తక్కినవాళ్లకు పెట్టకుండా వచ్చేశాను.

కోతలు మాత్రం మానలేదు. నా బల్ల మీద ఎప్పుడూ రెండు కాగితాలుంటాయి. ఒకదాని మీద ఉన్నది రాస్తాను, అది చాలాసార్లు బెత్తెడు కూడా రాదు. రెండోదాని మీద చేపకు జ్వరం వస్తుంది, చిరుతకు గొడుగు దొరుకుతుంది. ఆ రెండోదాన్ని ఇప్పటికీ నెలకోసారి మడిచి అక్కకు పోస్టు చేస్తాను. ఆమె రిటైరైంది. జవాబుగా ఒక్క ప్రశ్న రాసి పంపుతుంది.